గూఢలిపికి మూలమైన గణితము

జడ్చర్లకు సమీపమున, ఆల్వాన్‌పల్లి యొద్ద, ఇటుకలతో కట్టిన ప్రాచీన జైనాలయ మొకటి కలదు. జనులు దానిని గొల్లత్తగుడి యందురు. జైనులకు గణితము ప్రియమైన విద్య. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, సుమారు క్రీ.శ. 850 ప్రాంతమున, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

మహావీరుడు వివరించిన లెక్కలలో కుట్టక మొకటి. క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు దీనిని చూపియుండెను. ఒక సంఖ్యను దేనిచే గుణించి, మరియొక సంఖ్యచే భాగించినచో కోరిన శేషము మిగులునో కనుగొనుటయే దీని ప్రయోజనము. పూర్వులు దీనిని గ్రహగణితమున వాడిరే కాని రహస్యలేఖనమునకు కాదు. అయినను నేటి గూఢలిపి శాస్త్రమును నేర్వగోరు విద్యార్థికి ఇది తొలిమెట్టు.

ఒక బాలుడు తన మిత్రునికి 4 అను అంకెను రహస్యముగా పంపదలచెననుకొనుడు. 4ను 7చే గుణించిన 28 వచ్చును. అందు ఒకట్ల స్థానమునందలి 8ని మాత్రమే పంపును. మిత్రుడు 8ని 3చే గుణించిన 24 వచ్చును. ఒకట్ల స్థానమున 4 మరల లభించును. 7ను 3చే గుణించిన 21; దానిని 10చే భాగించిన శేషము 1. కనుకనే 7తో వేసిన తాళమునకు 3 చెవి యైనది. ఆ 3ను సాధించు మార్గమే కుట్టకము. 7కు బదులు 5ను వాడినచో 2కును 4కును సున్నయే వచ్చును. ఇక విప్పుట యెట్లు? 5కును 10కిని సామాన్య భాజక ముండుటయే ఈ చిక్కునకు కారణము.

అయితే ఈ తాళము దుర్బలము. 7 తెలిసినవాడు 3ను తేలికగా పట్టును. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు వేరొక ఉపాయము పన్నిరి. తనచేతను ఒకటిచేతను దప్ప భాగింపబడని పెద్ద సంఖ్యలు రెండింటిని గుణించి, లబ్ధమును, తాళము వేయు విధమును లోకమునకు చాటవచ్చును. ఆ రెండు సంఖ్యలు తెలిసినవాడు మాత్రము కుట్టకము వంటి క్రియచేతనే చెవిని సాధించును. గుణించుట సులభము, వందల అంకెలుగల లబ్ధమును విడదీయుట నేటి గణనయంత్రములకును దుస్సాధ్యము.

నేడు ధనము చేతిఫోను ద్వారా చేరుచున్నది. ఆ లావాదేవీల గుట్టును కాచునది ఇట్టి గణితమే. శేషముల లెక్క యెందులకని విసుగుకొను బాలునికి ఇదియే సమాధానము. గణితము తెలుగున పలుకగలదని తొమ్మిదివందల యేండ్ల క్రిందటనే మల్లన నిరూపించెను. ఆ విద్యను పల్లెబిడ్డల కందించుట గ్రంథాలయముల విధి.