రాజదండము, కరుణ

మాచర్ల నుండి విజయపురి సౌత్ చేరి, రేవులో లాంచి ఎక్కినవారికి నాగార్జునకొండ నీటి నడుమ తేలిన గుట్టవలె కనబడును. ఒకప్పుడది విశాలమైన లోయలో ఎత్తుగా నిలిచిన కొండ. దాని పాదమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి క్రీ.శ. 3, 4 శతాబ్దములలో వర్ధిల్లినది. 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు లోయనంతటిని త్రవ్వి చూచినారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము పిమ్మట ఆ లోయను తన గర్భమున దాచుకొన్నది. కొన్ని కట్టడములను మాత్రము కొండమీదికిని, అనుపునకును తరలించి నిలిపినారు.

ఆ కొండ చూచి లాంచిలో తిరిగి వచ్చుచుండగా మా ప్రక్కన కూర్చున్న ఒక పిల్లవాడు తన తాతగారిని అడిగిన ప్రశ్న మాకు వినబడినది.

"తాతయ్యా, రాజుగారి స్నానఘట్టం చూశాం, గుళ్లు చూశాం. మరి జైలేదీ?"

"జైలెందుకురా? తప్పు చేసినవాడి తల తీసేసేవాళ్లు. అప్పటి న్యాయం అది" అన్నారు తాతగారు.

చుట్టునున్నవారు నవ్వినారు. మేమును నవ్వితిమి. కాని తీరము చేరిన తరువాత ఆలోచింపగా, ఆ కొండకు ఎవరి పేరు పెట్టుకొన్నామో ఆ ఆచార్యుడే ఈ మాటను ఒప్పుకొనడని తోచినది.

ఆచార్య నాగార్జునుడు ఈ లోయలో నివసించెననుట సంప్రదాయము. దానికి ఇక్ష్వాకుల శాసనములలో ఆధారము లేదు. ఆయన రచనగా పండితులు అంగీకరించిన గ్రంథములలో 'రత్నావళి' ఒకటి. అది ఒక రాజునకు చేసిన ఉపదేశము. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయము చెప్పుచున్నది. దీని సంస్కృత మూలము కొంత భాగమే దొరకగా ఇటలీ దేశపు పండితుడు తుచ్చి 1934, 1936 సంవత్సరములలో ప్రకటించినాడు. టిబెట్ భాషలో గ్రంథము సంపూర్ణముగా నిలిచినది. శూన్యవాదమును స్థాపించిన తత్త్వవేత్తగా నాగార్జునుని ఎరిగినవారు అనేకులు. రాజునకు చెరసాల నడుపు విధమును చెప్పినవానిగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

ఆయన చెప్పిన విషయమును మా మాటలలో సంగ్రహించెదము. బలహీనులైన ఖైదీలను ఒక దినములోనో, ఐదు దినములలోనో విడిచిపెట్టవలెను. తక్కినవారిని సైతము ఎన్నటికిని విడువరానివారని తలపరాదు. విడుదలయగునంతవరకు వారికి మంగలిని, స్నానమును, అన్నపానములను, ఔషధమును, వస్త్రమును సమకూర్చవలెను. తండ్రి దారితప్పిన కొడుకును బాగుపడవలెనని దండించునట్లు రాజు దండింపవలెను. ద్వేషముతో గాని, ధనాశతో గాని దండింపరాదు. ఘోరపాపము చేసినవాడే కరుణకు ముఖ్యపాత్రుడు. ఇక హంతకుల సంగతి. వారిని బాగుగా విచారించి గుర్తించిన పిమ్మట, చంపక, హింసింపక, దేశమునుండి వెడలగొట్టవలెను.

ఈ మాటల బరువు తెలియవలెనన్న వీనిని కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రక్కన ఉంచి చూడవలెను. అందు చిత్రహింసతో కూడిన వధకును, హింసలేని వధకును వేరువేరుగా నేరములు నిర్ణయింపబడినవి. అనగా తాతగారు చెప్పిన న్యాయము మన దేశములో లేకపోలేదు. దానికి ఎదురుమాటయు మన దేశములోనే పుట్టినది.

ఈ ఎదురుమాట పశ్చిమదేశములలో ఎట్లు వినబడినదో చూతము. 1791లో అమెరికా రాజ్యాంగమునకు చేర్చిన ఎనిమిదవ సవరణ క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించినది. ఆ మాట 1689 నాటి ఇంగ్లండు హక్కుల చట్టమునుండి వచ్చినది. ఫిలడెల్ఫియా నగరములో క్వేకరు మతస్థుల ప్రేరణతో కారాగార సంస్కరణ ఆరంభమైనది. నేరస్థుడు ఒంటరిగా కూర్చుండి తన పాపమును తలచుకొన్నచో మారునని వారి విశ్వాసము. 1829లో అక్కడ తెరచిన గొప్ప కారాగారము ఆ విశ్వాసముతో కట్టినదే. కాని 1842లో దానిని చూచిన ఆంగ్ల నవలాకారుడు డికెన్స్, మనిషిని ఒంటరిగా మూసివేయుట శరీరహింసకన్న ఘోరమని ఖండించినాడు. మంచి ఉద్దేశముతో కట్టిన గోడలును మనిషిని నలుపగలవని ఆ కారాగారము నేర్పినది.

అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. 1865లో బానిసత్వమును రద్దుచేసిన పదమూడవ సవరణలో, నేరమునకు శిక్షగా విధించిన నిర్బంధ సేవ మాత్రము మినహాయింపబడినది. ఆ సందునుండి దక్షిణ రాష్ట్రములు ఖైదీలను గనులకు, తోటలకు, రైలుమార్గపు పనులకు అద్దెకిచ్చినవి. అట్లు అద్దెకు పోయినవారిలో అత్యధికులు నల్లజాతివారే. ధనాశతో దండింపరాదని నాగార్జునుడు రాజునకేల చెప్పవలసి వచ్చినదో ఈ చరిత్ర చదివినవారికి వేరుగా వివరింపనక్కరలేదు.

ఖైదీ రోగమును అధికారులు బుద్ధిపూర్వకముగా ఉపేక్షించుట ఎనిమిదవ సవరణకు విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1976లో చెప్పినది. ఆచార్యుని జాబితాలోని ఔషధము అమెరికా ఖైదీకి రాజ్యాంగపు హక్కుగా లభించుటకు ఆ సవరణ పుట్టినది మొదలు 185 సంవత్సరములు పట్టినది. మరణశిక్ష విషయములో ఆ దేశము నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. మిషిగన్ రాష్ట్రము 1846లోనే హత్యానేరమునకు ఉరిని రద్దుచేయ శాసించినది. దక్షిణ రాష్ట్రములలో మొదటిదిగా వర్జీనియా 2021లో రద్దుచేసినది. కొన్ని రాష్ట్రములు ఇంకను అమలు జరుపుచున్నవి. ఒకే బైబిలు చేతపట్టి కంటికి కన్ను అనువారును, క్షమ అనువారును అక్కడ ఉన్నారు. హతుడు తెల్లవాడైనప్పుడు మరణశిక్ష పడు అవకాశము హెచ్చుగా ఉన్నదని చూపిన లెక్కలు జార్జియా రాష్ట్రపు వ్యాజ్యమొకదానిలో 1987లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవి. ఆ లెక్కలను బట్టి శిక్షను త్రోసివేయుటకు కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో నిరాకరించినది. నలుగురు భిన్నాభిప్రాయము తెలిపినారు.

పరదేశపు తప్పులెన్నుట సులభము. మన ఇంటి సంగతియు చెప్పుకొనవలెను. విశాఖపట్టణము జైలులోని ఖైదీలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముపై తెచ్చిన వ్యాజ్యములో, శిక్షపడినంత మాత్రమున మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటిని పోగొట్టుకొనడని మన సుప్రీంకోర్టు 1974లో స్పష్టము చేసినది. 1980లో, అత్యంత అరుదైన సందర్భములలో మాత్రమే మరణశిక్ష విధింపవచ్చునని నిర్ణయించినది.

ఆ అరుదైన సందర్భము పల్నాటి గడపలోనికే వచ్చినది. 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద, దోపిడికై బస్సు ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించగా 23 మంది ప్రయాణికులు కాలి మరణించినారు. ఆ ఇండ్లలో రగిలిన దుఃఖము ఏ గ్రంథముతోను చల్లారునది కాదు. యువకులిరువురికి మరణశిక్ష పడినది. 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినది. వారు పేదలు, దళితులు. ఇంతటి ఘోరము జరుగునని తలచి చేసినవారు కారని పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు విన్నపములు చేసినారు. చనిపోయినవారి ప్రాణములు ప్రాణములు కావా అని ఎదుటి పక్షము అడిగినది. ఆ ప్రశ్నయు న్యాయమైనదే. తుదకు 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చినారు.

ఈ నిర్ణయమును మెచ్చనివారు నాటికిని నేటికిని ఉన్నారు. మెచ్చనివారికి మేము చెప్పునది ఒక్కటే. కరుణ అనగా హంతకుని ఊరిలో వదలివేయుట అని ఆచార్యుడు ఎక్కడను చెప్పలేదు. బాగుగా విచారింపుమన్నాడు, గుర్తింపుమన్నాడు, జనమధ్యమునుండి తొలగింపుమన్నాడు. ఆనాడు దేశబహిష్కారము చేసిన పనిని ఈనాడు జైలుగోడ చేయుచున్నది. చంపక, హింసింపక అని చెప్పుటచే ఆయన కాపాడినది హంతకుని మాత్రమే కాదు, దండము పట్టిన చేతిని కూడ. పగ తీర్చుకొనుట మనుష్యులకు సహజము. అలరాజునకు విషము పెట్టిననాటి నుండి కారెంపూడి రణరంగము వరకు పల్నాటి వీరుల కథ నడచినది ఆ పగతోనే. రాజ్యమును ఆ పగకు దూరముగా నిలుపుటకే శాస్త్రములు, శాసనములు, రాజ్యాంగములు పుట్టినవి.

నాగార్జునుడు ఇదే గ్రంథములో రాజును రోగులను, అనాథలను, దరిద్రులను కాపాడుమన్నాడు. కష్టకాలమున కర్షకులకు విత్తనములిమ్మన్నాడు. హెచ్చు పన్నులు తగ్గింపుమన్నాడు. ఖైదీని ఆ వరుసలోనే చేర్చినాడు. రైతుతోను, రోగితోను కలిపి ఖైదీని లెక్కించిన రాజనీతి లోకములో అరుదు.

లాంచి రేవు చేరునప్పటికి ప్రొద్దు వాలినది. పిల్లవాడు తాతగారి చేయి పట్టుకొని దిగి పోయినాడు. అతని ప్రశ్నకు ఆనాడు మేము జవాబు చెప్పలేకపోతిమి. మా శ్రోతల ఇండ్లలో పిల్లలెవరైన అట్లే అడిగినచో, కొండ పేరుగల ఆచార్యుడు జైలును గురించి ఏమి చెప్పెనో వారికి చెప్పుడు. మన ఊరి జైలులో నేటి రాత్రి ఖైదీకి అన్నము, మందు అందినవో లేవో విచారించుట పెద్దలమైన మన పని.