వేన్నీళ్ళూ, పొగదారీ

వేన్నీళ్ళ స్నానానికి చరిత్ర రాయబూనితే, నిప్పు ఎక్కడ ఉండేదన్న ప్రశ్నతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మనిషి ఉన్న గదిలోనా, గోడకు ఆవలనా?

జహీరాబాదుకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన బీదరు కోట ఉంది. అందులోని షాహీ హమాములోనే పురావస్తు ప్రదర్శనశాలను ఏర్పరచారు. హమాము అనే అరబ్బీ మాట వేడిమిని తెలిపే ధాతువు నుండి పుట్టింది. ఈ స్నానశాలల సంప్రదాయంలో కొలిమి ఒక వైపు, స్నానం చేసేవారు మరొక వైపు, నడుమ గోడ. పొగ కట్టెలు వేసే సేవకుడి పాలు. ప్రభువుకు వేడి మాత్రమే చేరేది.

సామాన్యుడికి అంతటి గోడ ఎక్కడిది? పెరట్లో మూడు రాళ్ళు, మసిబారిన కాగు, కింద కందికట్టె. ఈ ప్రాంతంలో కంది పంట విస్తారం. అయితే కందికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చొని ఎగదోస్తూ ఉండాలి. కాగిన నీళ్ళను మోసుకుపోవడంలో ఒళ్ళు కాలే ప్రమాదం వేరే.

రాగి బాయిలరు ఆ మోతను తగ్గించింది. మరాఠీవారు దీన్ని బంబ్ అంటారు (పేరు విని ఉలిక్కిపడనక్కరలేదు). రాగి పీపా నడుమ నిలువుగా ఒక గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీరు. రష్యావారి సమోవారుదీ ఇదే పోలిక. పైనున్న గరాటు కాడ పీపా అడుగుదాకా దిగి ఉంటుంది. చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు చేరి, పైనున్న వేన్నీళ్ళను అంతే కొలతలో బయటికి నెడతాయి. కొన్నింటికి కుళాయి ఉంటుంది. ఏదైనా గరాటుకు మాత్రం మూత బిగించరాదు. నీళ్ళు తెర్లినప్పుడు ఆవిరికి అదొక్కటే దారి. నీళ్ళు లేకుండా మంట పెడితే అతుకులు ఊడతాయి.

ఆవిరి సంగతి ఇలా తేలింది గాని, పొగ సంగతి తేలలేదు. బాయిలరు పెరట్లో ఉన్నంతకాలం చిక్కులేదు. చలికి ఓర్వలేక స్నానాల గదిలో పెట్టి తలుపు వేసుకుంటే, పొగ కనబడని బొగ్గులు సైతం కార్బన్ మోనాక్సైడును విడుస్తాయి. దానికి రంగూ లేదు, వాసనా లేదు. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ కనిపెట్టిన గ్యాసు గీజరుకూ ఇదే లోపం: వాయువులు బయటికి పోయే గొట్టం లేదు.

మన వైపు ఈ లోపాన్ని పట్టించుకున్నవారు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజు. పొగలేని వంటిళ్ళ మీద ఆయన పుస్తకం 1953లో వచ్చింది. అందులోని మట్టిపొయ్యిలో వేడిగాలి ఒక గిన్నె కింద నుండి మరొక గిన్నె కిందికి సాగి, చివరకు పొగగొట్టం గుండా ఇంటి పైకి పోతుంది. బీదరులో గోడ చేసిన పనిని ఇక్కడ నాలుగణాల గొట్టం చేసిందనుకోవచ్చు. ఇంత చవకైన సంగతి ఇంత ఆలస్యంగా రావడమే నాకు వింత.

మెరుగైన పొయ్యిల జాతీయ పథకం 1983లో మొదలై 2002 దాకా సాగింది. పొయ్యిలు పెట్టినవారు వెళ్ళిపోయాక గొట్టాలలోని మసి దులిపే పని చాలా ఇళ్ళలో ఆగిపోయింది. గొట్టం పూడుకొనిపోతే పొగ మళ్ళీ గదిలోకే తిరిగివచ్చేది.