పది తర్వాత వైద్యమా, న్యాయమా?
పదో తరగతి తర్వాత తీసుకునే గ్రూపే ఈ ప్రశ్నకు సగం జవాబు. నీట్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కావాలి. ఐదేళ్ల న్యాయ కోర్సుకు ఏ గ్రూపైనా చాలు. కాబట్టి ఎటూ తేలనివారు సైన్సు తీసుకుంటే రెండు దారులూ తెరిచే ఉంటాయి.

కాలం: ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. న్యాయవిద్య ప్లస్ టూ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు.

భాష: నీట్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. తమిళనాడులో రాసే హోసూరు తెలుగు మీడియం పిల్లలు తమిళమో ఇంగ్లీషో ఎంచుకోవాలి. ఆ శాస్త్ర పదాలు ప్లస్ వన్ నుంచే నేర్చుకోవడం మేలు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వ న్యాయ కళాశాలల్లో మాత్రం ఐదేళ్ల కోర్సు సీట్లు ప్లస్ టూ మార్కులతోనే ఇస్తారు.