డ్యాష్‌బోర్డులో ఆ చిన్న కంత ఎవరిది?

కారుతో వచ్చిన రేడియో పీకేసి బయట షాపులో స్టీరియో పెట్టించుకోవడం మనకి మామూలే. ట్రాక్టరు టాపుకి బాక్సులు బిగించుకోవడం కూడా అంతే. ఇందులో చరిత్ర ఏముంటుందిలే అనుకుంటాం గానీ, బండి కొన్నాక దాని మీద పెత్తనం కొన్నవాడిదా, అమ్మినవాడిదా అనే పాత తగువు ఇందులోనే ఉంది.

మొదట్లో కారు రేడియో అంటే చాలామటుకు బయట బిగించుకునే సామానే. అమెరికాలో షికాగోకి చెందిన పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు 1930లో ఒక సెట్టు తయారు చేశారు. అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సభ జరుగుతుంటే, పాల్ తన స్టూడ్‌బేకర్ కారులో దాన్ని బిగించుకుని అంతదూరం తోలుకెళ్లి, సభకొచ్చిన వాళ్లకి వినిపించాడు. ఆ రేడియోకి పెట్టిన పేరే మోటరోలా. 1947లో కంపెనీ పేరు కూడా అదే అయింది. మనం చూసిన మోటరోలా సెల్‌ఫోన్ల పుట్టుక అక్కడే.

అప్పట్లో దాన్ని బిగించడం పెద్ద పని. రేడియోలో ఉండేవి గాజు వాల్వులు. వాటికి కారు బ్యాటరీ ఓల్టేజి చాలదు. అందుకని వేరే బ్యాటరీలు కాళ్ల కింద పలకల్లో పెట్టేవాళ్లు. పెట్టె ఒకచోట, స్పీకరు ఇంకోచోట. ఇంజను ప్లగ్గులు నిప్పు కొట్టినప్పుడల్లా రేడియోలో గరగర మోత, దాన్ని అణచడానికి మళ్లీ వేరే సామాను. 1932లో జర్మనీలో బ్లాపుంక్ట్ తెచ్చిన సెట్టయితే 15 కిలోలు, ధర 465 మార్కులు. అంత పెట్టె డ్రైవరు ముందు పట్టదు కాబట్టి, స్టీరింగు దగ్గర చిన్న మీటలు పెట్టి తిప్పుకునేవాళ్లు. స్టీరింగు మీద సౌండు బటన్లు ఇప్పటి వింత కాదన్నమాట!

గిరాకీ చూశాక కార్ల కంపెనీలు మేల్కొన్నాయి. రేడియో మేమే పెట్టి ఇస్తామన్నాయి. 1950ల్లో ట్రాన్సిస్టర్లొచ్చి పెట్టె చిన్నదైంది. 1966 మోడల్ కార్లలో ఫోర్డు ఎయిట్ ట్రాక్ టేపు ప్లేయరు పెట్టింది. ఆ తర్వాత క్యాసెట్టు, 1980ల్లో సీడీ. ఇక్కడే చిక్కొచ్చింది. కారు పదేళ్లు నడుస్తుంది, పాటల మిషను నాలుగేళ్లకే పాతబడిపోతుంది. ఒక్కో కారులో కంత ఒక్కో సైజుంటే మార్చుకునేదెట్లా?

దీనికి దారి జర్మనీ వాళ్ల కొలత చూపించింది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. షాపువాళ్లు సింగిల్ డిన్ అనేది దీన్నే. ఎత్తు రెట్టింపయితే డబుల్ డిన్. 1980ల్లో ఇది అంతర్జాతీయ కొలత కూడా అయింది. ఇక పయనీర్ అయినా, కెన్‌వుడ్ అయినా, సోనీ అయినా ఆ కంతలో కూర్చునేది. మన దగ్గర మారుతి 800 కొన్నవాళ్లు నచ్చిన టేపు పెట్టించుకోగలిగారంటే ఈ కొలత చలవే.

మన ట్రాక్టరు సంగతీ అంతే కదా. త్రీ పాయింట్ లింకేజీకి, 540 ఆర్‌పీఎం పీటీవోకి కొలతలు ఖాయమయ్యాయి కాబట్టే, ఒక కంపెనీ ట్రాక్టరుకి ఇంకో కంపెనీ రోటావేటరు తగిలిస్తున్నాం. ఆ కొలతే లేకపోతే ట్రాక్టరు అమ్మినవాడి దగ్గరే రోటావేటరు కూడా వాడు చెప్పిన ధరకి కొనాల్సొచ్చేది.

అయితే సులువుగా బిగేది సులువుగా ఊడుతుంది కూడా. దొంగలు ఎగబడ్డారు. 1980ల్లో న్యూయార్క్‌లో జనం "రేడియో లేదు" అని కారు అద్దాలకి చీటీలు అంటించుకునేవాళ్లు. ముందు మూతి పీకి జేబులో వేసుకునే స్టీరియోలు అందుకే వచ్చాయి.

ఇప్పుడు ఆ కంతే మాయమవుతోంది. చాలా కొత్త కార్లలో పెద్ద తెర. ఏసీ, వెనక కెమెరా, బండి సెట్టింగులు అన్నీ అందులోనే. పాటల కోసం తెర మారిస్తే మిగతావి కూడా ఆగిపోవచ్చు. 2023లో జనరల్ మోటార్స్ ఇకముందు వచ్చే ఎలక్ట్రిక్ కార్లలో ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉండవని ప్రకటించింది. అంటే మన ఫోనుని కారు తెర మీద ఎట్లా వాడుకోవాలో కూడా కంపెనీయే తేలుస్తుంది.

అదే 2023 జనవరిలో, ట్రాక్టర్లు బాగుచేసుకోవడానికి కావాల్సిన పుస్తకాలు, సాఫ్ట్‌వేరు పరికరాలు రైతులకి అందుబాటులో ఉంచుతామని జాన్ డీర్ కంపెనీ అమెరికా రైతు సంఘం ఫార్మ్ బ్యూరోతో ఒప్పందం రాసుకుంది. సొంత ట్రాక్టరుని సొంతంగా బాగుచేసుకోవడానికి అక్కడి రైతులు ఏళ్ల తరబడి గొడవ చేస్తే గానీ అంతవరకు రాలేదు.

అందుకే కొత్త బండి చూసేటప్పుడు మైలేజీతో పాటు ఇంకోటి అడగండి: ఇందులో ఏది పాడైతే బయట మార్చుకోవచ్చు, ఏది మీ దగ్గరికే రావాలి? పాత బండికి స్టీరియో వేయిస్తుంటే కంపెనీ వైర్లు కొయ్యనివ్వకండి, కప్లర్ పెట్టించండి. పాత సెట్టు అటక మీద దాచుకోండి, బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది. కంత చిన్నదే గానీ, అందులో ఏం పెట్టాలో చెప్పే హక్కు డబ్బు కట్టినవాడిది.