లిబరలిజం నర్సీపట్నం దాకా వచ్చి ఎందుకాగింది?

ఆఫీసులో టీ దగ్గర రాజకీయాల మీదకి మాట మళ్ళితే చాలు, ఎవరో ఒకరు ఇంకొకర్ని "నువ్వు లిబరల్‌వి" అనేస్తారు. అది పొగడ్తో తిట్టో అన్నవాడికే సరిగ్గా తెలీదు. అసలు ఈ సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

1689లో జాన్ లాక్ తన పేరు వెయ్యకుండా ఒక పుస్తకం అచ్చేయించాడు. రాజ్యం దేవుడిచ్చిన వరం కాదు, జనం సమ్మతితో నడిచేదే అన్నాడు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడని ప్రభుత్వాన్ని దించెయ్యొచ్చన్నాడు. మరి ఆస్తి ఎలా వస్తుంది? నేల మీద చెమటోడ్చినవాడిదే నేల. అచ్చం మన పోడు రైతు వాదంలాగే ఉంది కదా! కాకపోతే లాక్ లెక్కలో కష్టమంటే దున్ని, కంచె కట్టుకునే సేద్యమే. అమెరికా ఆదివాసుల అడవి ఆయనకి ఉత్త బీడు. అన్నట్టు సదరు లాక్ గారికి బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు కూడా ఉండేవి.

తర్వాత పెద్ద పేరు జాన్ స్టూవర్ట్ మిల్. 1823లో, పదిహేడేళ్ళకే, ఈస్టిండియా కంపెనీలో చేరి 1858 దాకా పనిచేశాడు. ఒక్కసారి కూడా ఇండియాకి రాకుండా లండన్‌లో కూర్చునే ఇండియా ప్రాజెక్టు నడిపించాడన్నమాట. 1859లో వచ్చిన 'ఆన్ లిబర్టీ' మొదటి అధ్యాయంలోనే ఒక షరతు పెట్టాడు: ఈ స్వేచ్ఛ పిల్లలకీ, వెనకబడ్డ సమాజాలకీ వర్తించదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులో చిన్నక్షరాల షరతు లాంటిది.

మనవాళ్ళు ఊరుకున్నారా? మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వ్యాపారి 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టాడు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ మొదలెట్టి, శిస్తు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపాడు. విచారణ సంఘం వేశారు, 1855లో అది నిజమేనని ఒప్పుకున్నారు. వాళ్ళ మాటల్తోనే వాళ్ళని నిలదియ్యడం అంటే అదీ. పాపం ఆయన పేరు మనవాళ్ళు పెద్దగా తలుచుకోరు.

ఇదంతా మైదానం సంగతి. విశాఖ, గంజాం కొండల్ని 1839 నాటి 24వ చట్టంతోనే మామూలు కోర్టుల నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టేశారు. మిల్ షరతు పుస్తకంలోకి ఎక్కకముందే ఇక్కడ అమల్లో ఉందన్నమాట. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్ల పనికి కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషను మీద పడ్డాడు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చచ్చిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ దొరల సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి.

ఇక్కడో తిరకాసుంది. కొండల్ని విడిగా ఉంచిన ఆ పద్ధతే తర్వాత గిరిజనుడికి రక్షణైంది. 1917 చట్టం, 1959 నిబంధన, దానికి 1970 సవరణ గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా అడ్డుపడ్డాయి. 'ఎవరి భూమి వాళ్ళిష్టం, అమ్ముకోనీ' అనే స్వచ్ఛమైన లిబరల్ సూత్రమే నడిచుంటే షావుకార్లకి ఎంత మిగిలేదో ఊహించుకోండి. నాకు స్వేచ్ఛావాదం ఇష్టమే గానీ, ఈ ఒక్క చోట దాని వైపు వాదించలేను.

పోడుకి కూడా హక్కుందని పార్లమెంటు ఒప్పుకున్నది 2006 అటవీ హక్కుల చట్టంలో. అదీ 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న నేలకే, 4 హెక్టార్లు మించకుండా.