తెరచాప కొయ్యను నిలబెట్టిన తాళ్లు

కోరంగి అంటే ఇవాళ మనకు మడ అడవులే గుర్తొస్తాయి. రెండు వందల ఏళ్ల కిందట అది ఓడలు కట్టే రేవు. ఇక్కడి కొయ్య ఓడలు బంగాళాఖాతం దాటి బర్మా రేవులకు వెళ్లేవి. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనడం అలా వచ్చిందే. 1789 డిసెంబరులో, మళ్లీ 1839 నవంబరులో ఉప్పెన ఈ రేవును ముంచేసింది. తుఫానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు.

ఆ ఓడల చరిత్రలో కలప గురించి, సరుకు గురించి చెబుతారు. తాళ్ల ఊసు తక్కువ. తెరచాపను ఎత్తి దించే తాళ్లు వేరు, కొయ్యను కదలకుండా పట్టి ఉంచే తాళ్లు వేరు. ఈ రెండో రకం పని తెలియాలంటే వీధి మలుపులో కరెంటు స్తంభాన్ని పట్టి ఉంచే స్టే వైరును చూస్తే చాలు. ఆ 'స్టే' అన్న మాట ఇంగ్లీషు ఓడల వాళ్లదే.

ఇందులో లెక్క సులువు. కొయ్య తలను గాలి 100 కిలోల బలంతో పక్కకు తోస్తోందనుకుందాం. కొయ్యకూ తాడుకూ మధ్య 45 డిగ్రీలుంటే తాడు మీద లాగుడు సుమారు 141 కిలోలు. 15 డిగ్రీలే ఉంటే 386 కిలోలు. పడవ సన్నగా ఉన్నకొద్దీ తాడుకు కష్టం పెరుగుతుంది. కొయ్యను కిందికి నొక్కే భారం కూడా పెరిగి పడవ అడుగు మీద పడుతుంది. అందుకే పెద్ద ఓడలకు పక్కల నుంచి బయటికి పలకలు బిగించి, తాళ్లను వాటి మీదుగా దించి కోణం పెంచారు. హిందూ మహాసముద్రంలో ఏటవాలు దూలానికి తెరచాప కట్టే నావల వాళ్లు ఇంకో దారి పట్టారు. పక్కతాళ్లను శాశ్వతంగా బిగించకుండా, గాలి వచ్చే వైపుకు మార్చి కట్టుకునేవారు.

కోనసీమ కొబ్బరి పీచు తాడు ఉప్పునీటికి తట్టుకుంటుంది, కానీ సాగుతుంది. లంగరుకు ఆ సాగుడు మేలు, కొయ్యకు కీడు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో నార మోకుల స్థానంలో ఇనుప తీగల తాళ్లు, తర్వాత ఉక్కు తీగల తాళ్లు వచ్చాయి. అవి సన్నం, సాగడం తక్కువ. అయినా చాలా ఓడల్లో కింది చివర బిగింపుకు నార తాడునే ఉంచారు. అది కాస్త సాగి కుదుపును ఓర్చుకుంటుంది. తుఫానులో కొయ్య విరిగితే గొడ్డలితో నరికి వదిలించుకోవచ్చు. ఒకచోట బలం పెంచితే ఆ భారం ఇంకోచోటికి చేరుతుందని వాళ్లకు తెలుసు. మా ఇంజనీర్లకు నేటికీ అదే మొదటి పాఠం.

యంత్రాలు వచ్చాక తెరచాపలు, వాటితోపాటు ఈ తాళ్లు కట్టే పనీ తగ్గిపోయాయి. ఇంగ్లీషు ఓడల్లో ప్రతి తాడు పేరూ పుస్తకాలకెక్కింది. మన సరంగులు పిలిచిన పేర్లు, వేసిన ముడులు పెద్దల నోళ్లలో, చేతుల్లో ఉన్నాయి. మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో అలాంటి పెద్దలుంటే అడిగి రాసి పెట్టండి. ముడి వేయించి ఫోటో తీయండి. మన బడి గ్రంథాలయంలో వాటికి ఒక అర చాలు.