ఎలాగూ ఇంట్లోనే ఉంటుందిగా!

"చూసుకోవడం" అనే మాటకి మనవాళ్ళు ఎంత పని అప్పజెప్పారో ఎప్పుడైనా గమనించారా? పొయ్యిమీద పాలు చూసుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి, మంచం పట్టిన మామగారిని చూసుకోవాలి. నిజానికి కళ్ళతో చేసే పని ఇందులో ఎంత? ఎత్తాలి, దించాలి, కడగాలి, తినిపించాలి, రాత్రి మూడుసార్లు లేవాలి. అంత చాకిరీనీ "కోడలు చూసుకుంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం.

ఇంగ్లండులో ఇలా చూసుకునే మనిషికి "కేరర్" అని ఒక పేరుంది. ప్రభుత్వం వారం వారం ఒక భత్యం ఇస్తుంది. అక్కడే స్థిరపడిన మా పినతల్లి కూతురు, పక్షవాతంతో పడి ఉన్న అత్తగారికి చేస్తోంది. "కౌన్సిలు నుంచి ఒకావిడ వచ్చి, ఆవిడ సంగతి సరే, నువ్వు రాత్రిళ్ళు నిద్రపోతున్నావా అని అడిగిందక్కా. పెళ్ళయి ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే" అంది ఫోనులో. ఆ మాట మనసులో పడ్డాక, అసలీ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక, ఒకచోట మాత్రం ఒళ్ళు మండింది. అదే చెప్పబోతున్నాను.

తెల్లవాళ్ళు ముసలి తల్లిదండ్రుల్ని ఆశ్రమంలో దింపేసి చేతులు దులుపుకుంటారని మనకో గట్టి నమ్మకం. 1985లో అక్కడి ప్రభుత్వం జరిపిన సర్వేలో, జబ్బు మనుషుల్నో వృద్ధుల్నో చూసుకుంటున్నవాళ్ళు 60 లక్షలమంది ఉన్నారని తేలింది! ఆ దేశంలోనూ ముసలితనం గడిచేది ఎక్కువగా ఇళ్ళల్లోనే.

1601లో ఎలిజబెత్ రాణి కాలంనాటి పేదల చట్టమే, బీద తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత పిల్లలదని రాసింది. పిల్లలు లేకపోతేనే ఊరు చూడాలి. 1834 తరువాత ఆ ఊరు చూడటమన్నది వర్క్‌హౌస్ అనే భయంకరమైన చోటుగా మారింది. అందులో చేరిన ఆలుమగల్ని కూడా విడదీసి వేరువేరు గదుల్లో ఉంచేవారు. 1909 జనవరి నుంచి డెబ్భై దాటిన పేదలకి వారానికి అయిదు షిల్లింగుల దాకా పింఛను మొదలైంది. చివరికి 1948 జూలై 5న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాత పేదల చట్టాన్ని రద్దు చేసింది. ముసలివాళ్ళకి వసతి చూపించడం కౌన్సిళ్ళ విధి అయింది. తల్లిదండ్రుల్ని పోషించి తీరాలని పిల్లల్ని బలవంతపెట్టే అధికారం చట్టానికి పోయింది.

చట్టానికి పోయింది సరే, రాత్రిపూట అమ్మని లేపి కూచోబెట్టేదెవరు? కూతురే. అందులోనూ పెళ్ళికాని కూతురు. అన్నదమ్ములకి సంసారాలున్నాయి, దానికేముంది గనక? ఈ వాదన మీరెక్కడో విన్నట్టుంది కదూ!

అలాంటి కూతురే మేరీ వెబ్‌స్టర్. చర్చిలో పాస్టరుగా పనిచేసేది. ఆడవాళ్ళు పాస్టర్లు కావడం ఆ రోజుల్లో అరుదు. 1954లో, ముప్ఫై ఒకటో ఏట, తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి ఆ పని వదులుకుంది. జీతం పోయింది, బయట తిరగడం పోయింది. తొమ్మిదేళ్ళు గడిచాక, 1963లో పత్రికలకి ఉత్తరాలు రాసింది. తన బతుకు గృహనిర్బంధంలా ఉందని పోల్చింది. కూతురు అలా అనవచ్చునా అని కొందరైనా నొసలు చిట్లించే ఉంటారు. కానీ పోస్టులో వచ్చిపడినవి వేరే ఉత్తరాలు. నాదీ అదే కథ, నాదీ అదే కథ అంటూ ఎక్కడెక్కడి ఆడవాళ్ళో రాశారు. ఒక్కొక్కరూ తన ఇంట్లోనే ఇలా ఉందనుకుని నోరు మూసుకున్నవాళ్ళే. నేను నవలలు రాసుకునేదాన్ని, ఇలాంటి మనిషిని కల్పించలేకపోయానే అనిపించింది.

1965లో ఆవిడ ఒక సంఘం పెట్టింది. పేరు కాస్త పొడుగు – ఒంటరి స్త్రీ, ఆమెపై ఆధారపడినవారి జాతీయ మండలి. జాలిపడండి అని అడగలేదు వాళ్ళు, లెక్కలు అడిగారు. ఉద్యోగం మానేసిన ఇన్నేళ్ళకీ నా పింఛను ఏమవుతుంది? అమ్మ పోయాక నేను తినేదేమిటి? 1967లో పన్నులో ఒక రాయితీ సాధించారు. 1971లో, రాత్రింబగళ్ళు సాయం కావలసిన రోగులకి ప్రభుత్వం అటెండెన్స్ అలవెన్సు మొదలుపెట్టింది. మేరీ అది చూడలేదు. 1969లోనే, నలభై ఆరేళ్ళకే పోయింది.

1975 చట్టంతో, చూసుకునే మనిషి చేతికే డబ్బిచ్చే భత్యం ఏర్పాటయింది. 1976 నుంచి చెల్లింపులు మొదలు. వారానికి కనీసం 35 గంటలు రోగిని కనిపెట్టుకుని ఉండాలి, ఆ కారణంగా ఉద్యోగం చేయలేని స్థితిలో ఉండాలి. అంతా బాగానే ఉంది. తరువాత వచ్చింది అసలు షరతు. భర్తతో కాపురం చేస్తున్న స్త్రీకి ఈ భత్యం ఇవ్వరు! పెళ్ళిలేకుండా మగవాడితో కలిసి ఉన్నా ఇవ్వరు. పెళ్ళయిన మగవాడికి మాత్రం నిక్షేపంగా ఇస్తారు. కారణం 1974లో ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రంలోనే ఉంది. పెళ్ళయిన ఆడది ఎలాగూ ఇంట్లోనే ఉండవచ్చు గనక, అని.

ఏ పెద్దమనిషో హుక్కా పీలుస్తూ అరుగుమీద అన్న మాట కాదిది. ఆ శాఖకి అప్పుడు మంత్రి బార్బరా కాసిల్, 1970లో ఆడవాళ్ళకి సమాన వేతనచట్టం తెచ్చిన ధీర. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం, అదే ఏడు బ్రిటన్‌లో స్త్రీలపట్ల వివక్ష చూపకూడదని చట్టం కూడా వచ్చింది. ఆ పక్కనే ఈ షరతు కూడా హాయిగా చట్టమై కూచుంది. డబ్బు మిగుల్చుకోవలసి వచ్చినప్పుడు ఏ ప్రభుత్వానికైనా మొదట కనిపించేది వంటింటి తలుపే కాబోలు.

కౌన్సిళ్ళ తీరూ అంతే. ఇంటిపనికి "హోమ్ హెల్ప్" అని మనిషిని పంపే ఏర్పాటు వాళ్ళకుంది. కానీ ఇంట్లో కూతురో కోడలో ఉంటే ఆ సాయం రావడం కష్టమనీ, చూసుకునేది కొడుకయితే తేలిగ్గా వస్తుందనీ 1980ల పరిశీలనల్లో బయటపడింది. పాపం, మగపిల్లాడు ఎలా చేసుకుంటాడు?

మాంచెస్టర్‌లో జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ ఉండేది. పెళ్ళయింది, భర్త ఉన్నాడు, ఆవిడకీ ఉద్యోగం ఉంది. తీవ్రమైన వైకల్యంతో ఉన్న తల్లి ఇంటికి వచ్చేసరికి 1984లో ఆ ఉద్యోగం మానేసింది. ఎలాగూ ఇంట్లో ఉన్న మనిషి కాదు, తల్లికోసం ఇంట్లో ఉండిపోయిన మనిషి. భత్యానికి అర్జీ పెట్టింది, కాదన్నారు. అప్పటికి యూరోపియన్ దేశాల కూటమిలో ఒక నియమం ఉంది, సాంఘిక భద్రతలో ఆడామగా తేడా చూపకూడదని. సభ్యదేశాలు 1984 డిసెంబరుకల్లా దాన్ని అమలు చేసి తీరాలి. దాన్ని పట్టుకుని కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానందాకా వెళ్ళింది. ఈ డబ్బు వెళ్ళేది రోగికి కాదు, చూసుకునేవాళ్ళకి, కనక ఆ నియమం దీనికి వర్తించదని వాదన వచ్చింది. 1986 జూన్ 24న న్యాయస్థానం ఆ వాదన కొట్టేసి, డ్రేక్ పక్షాన తీర్పిచ్చింది. తమాషా ఏమిటంటే, సరిగ్గా దానికి ముందురోజే బ్రిటిష్ ప్రభుత్వం, పెళ్ళయిన ఆడవాళ్ళకీ ఇస్తాం అని ప్రకటించేసింది! ఓడిపోయి ఇవ్వడం కంటే ముందే ఇచ్చేస్తే పరువు దక్కుతుందని కాబోలు. 1984 డిసెంబరునాటి నుంచి బకాయిలు కూడా ఇవ్వవలసి వచ్చింది.

ఆ తరువాతి కథ తొందరగా చెప్పేయవచ్చు. 1995లో ఒక చట్టం, చూసుకునే మనిషి అవసరాలేమిటో కౌన్సిలువాళ్ళు విడిగా విచారించాలంది. 2014 చట్టం, ఇంగ్లండులో అర్హులైనవాళ్ళకి సాయం చేయడం కూడా కౌన్సిలు విధి అని తేల్చింది. మా చెల్లెల్ని నిద్రపోతున్నావా అని అడిగినావిడ వెనక ఉన్నవి ఈ చట్టాలే. భత్యం 2025 ఏప్రిల్లో వారానికి 83 పౌన్ల 30 పెన్సులయింది. 35 గంటలకి భాగించి చూడండి, గంటకి రెండున్నర పౌన్లు కూడా రావు. అందులోనూ బయట సంపాదన పరిమితికి ఒక్క పౌను దాటినా ఆ వారం భత్యం మొత్తం పోతుంది. తెలియక దాటినవాళ్ళని ఏళ్ళ తరువాత వేల పౌన్లు తిరిగి కట్టమన్న సంగతి 2024లో పెద్ద గొడవయింది.

ఇక ఇంటి సంగతి. కౌన్సిలు ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళకి 1980 దాకా చట్టరీత్యా నిలకడే లేదు. అద్దె పత్రం తల్లి పేర ఉండేది. ఇరవై ఏళ్ళు మంచం పక్కన కూచున్న కూతురు, తల్లి పోగానే కౌన్సిలు దయమీద ఆధారపడాలి. 1980 గృహవసతి చట్టం దీన్ని మార్చింది. చనిపోయేముందు ఏడాదిపాటు కలిసి ఉన్న కుటుంబసభ్యులెవరైనా, కూతురైనా సరే, ఒకసారికి ఆ అద్దె హక్కు పొందవచ్చు. ఎన్ని ఆడప్రాణాలు కుదుటపడ్డాయో!

కానీ అది మళ్ళీ మారింది. ఇంగ్లండులో 2012 ఏప్రిల్ 1 తరువాత కొత్తగా ఇచ్చిన కౌన్సిలు ఇళ్ళకి, ఆ హక్కు భార్యాభర్తలకీ, అలా కలిసి బతికేవాళ్ళకీ మాత్రమే తనంతట వస్తుంది. కూతురికి రావాలంటే అద్దె పత్రంలో ప్రత్యేకంగా రాసి ఉండాలి. తల్లి దినాలు కాగానే, ఆ పత్రం ఏ సొరుగులో ఉందో వెతుక్కోవాలి ఆ పిల్ల – యాభై అయిదేళ్ళ పిల్ల.